బతుకమ్మ అలిగిన రోజు పూల చేనులో

"ఇయ్యాల అలిగిన బతుకమ్మ. పువ్వు ముట్టద్దు."

"నిన్ననే అలిగింది వదినె. రాత్రికే అలక తీరింది. ఇయ్యాల మంచిగనే ఉన్నది."

"నీకు వచ్చి చెప్పిందా, అలక తీరిందని?"

"మరి నీకు వచ్చి చెప్పిందా, ఇయ్యాల అలుగుతున్న అని?"

"మా పంతులు చెప్పిండు."

"మా పంతులు గూడ చెప్పిండు. మీ పంతులొక్కనికే ఉన్నదా పంచాంగం?"

"మీ పంతులుకు కండ్లు కనవడయి. ఆయన కొడుకు చదివి చెప్తడు. వాడు ఏ పేజీ తిప్పిండో ఏమో."

"మీ పంతులు ఫోన్ల చూసి చెప్తడు. సిగ్నల్ లేనినాడు మీకు పండుగనే లేదు."

ఈ మాటలు నడిచింది మా ఇంటి ముందు, కారు తలుపు దగ్గర. నా ఒక కాలు కారులో ఉంది, ఒక కాలు వాకిట్లో ఉంది. లోపల సీటు మీద అప్పటికే సర్దుకుని కూర్చున్నది మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి. ఆమె ఒళ్లో మడిచిన ఖాళీ బియ్యం సంచి ఉంది. అదెందుకని అడిగాను. దారిలో పూలు కనబడితే తెంపడానికి అన్నది. అక్కడ మొదలైంది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. మా దగ్గర బతుకమ్మ అమావాస్య నాడు మొదలయ్యే తొమ్మిది రోజుల పండుగ. రోజూ పూలు పేర్చి, సాయంత్రం చుట్టూ తిరిగి ఆడతాం. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు పెద్దది పేర్చి, నెత్తిన పెట్టుకుని చెరువుకు తీసుకెళ్లి నీళ్లలో వదులుతాం. నడుమ ఆరో రోజు మాత్రం బతుకమ్మ అలుగుతుంది. ఎందుకు అలుగుతుందో మా అమ్మ చెప్పిన కథ వేరు, మా అత్త చెప్పిన కథ వేరు. నేను రెండూ నమ్ముతాను. ఆ రోజు పేర్చం, ఆడం. మా ఇంట్లో అయితే పువ్వును ముట్టుకోం కూడా. అలిగిన వాళ్లను కదిలించకూడదు, అది మనిషైనా సరే, దేవతైనా సరే.

ఈ ఏడు అమావాస్య రెండు రోజుల మీద పడింది. ఒక రోజు నడిమధ్యాహ్నం వచ్చి మర్నాడు నడిమధ్యాహ్నం దాకా ఉంది. వియ్యపురాలిది జగదేవ్‌పూర్ పక్కన పల్లె. వాళ్ల ఊళ్లో ముందు రోజే పండుగ మొదలుపెట్టారు. మా సిద్దిపేటలో మా వాడకట్టు మర్నాడు మొదలుపెట్టింది. వాళ్ల బతుకమ్మకు నిన్న అలక, మా బతుకమ్మకు ఇవాళ అలక. ఎవరి ఊళ్లో వాళ్లు ఉంటే గొడవే లేదు. కానీ ఆమె మొన్ననే మా ఇంటికి వచ్చి కూర్చుంది. వచ్చింది ఊరికే కాదు. సద్దులకు తన బిడ్డను వెంటబెట్టుకుని పోవడానికి వచ్చింది.

ఆ మాట మీద మొన్నటి నుంచి పొయ్యి దగ్గర ఒకసారి, బావి గిలక దగ్గర ఒకసారి, టీవీ ముందర ఒకసారి మాటామాటా అయింది.

"సద్దుల నాడు ఆడపిల్ల తల్లిగారింట్ల ఉండాలె వదినె."

"సద్దుల నాడు కోడలు అత్తగారింట్ల ఉండాలె."

"నువ్వు నీ తల్లిగారింటికి పోలేదా?"

"పోయిన. మా అత్తకు నలుగురు కోడండ్లు. నేను పోతే ముగ్గురున్నరు. నాకు ఒక్కతే."

ఇద్దరం చెప్పేదీ మా ఆచారమే. అందుకే తెగలేదు.

నా సంగతి ఇది. మా వాడకట్టులో నేను పేర్చినంత ఎత్తు ఎవరూ పేర్చరు. అడుగున తంగేడు, ఆ మీద గునుగు, బంతి, మళ్లీ గునుగు, శిఖరాన గుమ్మడి పువ్వు. పేర్చడం ఇప్పటికీ నా చేతుల్లోనే ఉంది, ఎత్తడమే లేదు. కుడి భుజం పైకి లేవదు. దవాఖానలో చూపిస్తే వంట మానుకొమ్మన్నారు. వంట మానలేదు, దవాఖాన మానాను. మా కోడలు నిటారుగా, నిమ్మళంగా నడిచే మనిషి. ఆమె నెత్తిన పెడితే చెరువు దాకా ఒక్క రెక్క రాలదు. ఆమె లేకపోతే నా బతుకమ్మ గడప దాటదు.

వియ్యపురాలి సంగతీ చెప్పాలి. ఆమె కొడుకూ కోడలూ భివండీలో మగ్గాల మీద పని చేస్తారు. ఏటా పండుగకు వచ్చేవాళ్లు, ఈసారి సేటు సెలవు ఇవ్వలేదు. మొన్న నాతో అన్నది, "ఇంటి ముందర ఒక్కదాన్నే బతుకమ్మను పెట్టుకొని, ఒక్కదాన్నే చుట్టు తిరగమంటవా వదినె? చూసినోళ్లు దిష్టి తీస్తున్న అనుకుంటరు." నవ్వుతూనే అన్నది. నేను నవ్వలేదు, ఒప్పుకోనూ లేదు.

ఇక కోడలు. ఎవరు అడిగినా "మీరే చెప్పిండ్రి" అంటుంది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క సద్దులకు కూడా తల్లిగారింటికి వెళ్లలేదు. మనవరాలు ఆరో తరగతి చదువుతోంది, ఎన్నేళ్లో మీరే చూసుకోండి. ఈ రెండు రోజులూ ఆమె బట్టలు ఉతికింది, మడిచింది. మడిచిన చీరల్లో నాలుగింటిని బీరువాలో పెట్టకుండా మంచం మీద ఉంచింది. బ్యాగులోనూ పెట్టలేదు. నేను చూశాను. 

మా కొడుకు, స్లాబు పోసేటప్పుడు కింద మోపే సెంట్రింగ్ సామాను కిరాయికి ఇచ్చే దుకాణం నడుపుతాడు. మెదక్‌లో ఒక మేస్త్రీని కలిసే పని పడింది. "ఎట్లాగు ఇయ్యాల మీకు ఆట లేదు గద అవ్వా. అందరం పోదాం. ఖిల్లా చూద్దాం. వచ్చేటప్పుడు రోడ్డు పొంటి పూల చేన్లున్నయట, పిల్ల ఫొటోలు దిగుతది" అన్నాడు. ఇంట్లో కూర్చోబెడితే ఇద్దరం కొట్టుకుంటాం, కారులో కూర్చోబెడితే కిటికీలో నుంచి బయటికి చూస్తాం అని వాడి ఆలోచన. ఎట్లాగూ పనికి పోయే బండే, మనం ఎక్కితే నూనె ఎక్కువ తాగదు కదా అని నేను ఒప్పుకున్నాను. మా ఆయన రానన్నాడు. ఇల్లు ప్రశాంతంగా ఉండే రోజు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు అన్నాడు.

అలా బయలుదేరాం. ముందు సీట్లో కొడుకు, మనవరాలు. వెనక నేను, వియ్యపురాలు, మా ఇద్దరి నడుమ కోడలు. రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డలు, ఇంటి నీళ్లు నేను కట్టించాను. నీళ్లు కొనుక్కుని తాగే అలవాటు నాకు లేదు. బోరు నీళ్లు తాగి ఇన్నేళ్లు వచ్చాయి, ఇంకొన్నేళ్లూ వస్తాయి.

రామాయంపేట దాటక ముందే రోడ్డు పక్కన తంగేడు కనబడింది. పచ్చగా, గుత్తులు గుత్తులు.

"జర బండి ఆపుతరా," అన్నది వియ్యపురాలు అల్లుడితో.

"ఆపకు కొడుకా," అన్నాను నేను.

మా కొడుకు ఆపలేదు, పోనివ్వనూ లేదు. బ్రేకు మీద సగం కాలు వేసి నడిచే మనిషి కంటే మెల్లగా నడిపాడు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. ఈలోగా వియ్యపురాలు కిటికీలో నుంచి చెయ్యి చాచి ఒక కొమ్మ విరిచేసింది.

"దొరికింది, ఇగ పోనియ్యిండ్రి," అన్నది.

ఆ కొమ్మ మా నడుమ కోడలి ఒళ్లో పడింది. కోడలు దాన్ని ముట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. చేతులు రెండూ పైకి ఎత్తి పట్టుకుని కూర్చుంది, పోలీసు ఆపినట్టు. వాళ్ల అమ్మ తీసి సంచిలో వేసుకునే దాకా అలాగే ఉంది. ఆమె అటు మనిషా ఇటు మనిషా, ఆమెకు అలక నిన్ననా ఇవాళా, అది ఆమెకూ తేలలేదు, మాకూ తేలలేదు.

మెదక్ ఖిల్లా గుట్ట మీద ఉంది. కాకతీయుల నాటిదని మనవరాలు బోర్డు చదివి చెప్పింది. నేను చదివింది మూడో తరగతే గానీ నాకూ చదవడం వచ్చు. దాని ముచ్చట కోసం చదవనిచ్చాను. మెట్లున్నాయి, దర్వాజా మీద దర్వాజా ఉంది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కాను. రాతి మీద చెప్పులు తొందరగా అరుగుతాయి. వియ్యపురాలు సంచి భుజాన వేసుకుని, ప్రతి దర్వాజా దగ్గరా ఒకసారి కూర్చుని ఎక్కింది.

"రాజులకు మోకాళ్ల నొప్పులు లేవా వదినె?" అని అడిగింది.

"వాళ్లు ఏనుగు మీద ఎక్కుతరు."

"మరి రాణి?"

"రాణి వియ్యపురాలింటికి పోయి ఉంటది."

మా కొడుకు కోటను చూడలేదు. దర్వాజాల కమానులను చూశాడు. ప్రతి కమాను కిందా నిలబడి, తల పైకెత్తి, "దీనికి సెంట్రింగ్ ఎట్ల కొట్టిండ్రో. ఇంత గుండ్రానికి షీట్లు యాడికెల్లి తెచ్చిండ్రో. ఎన్నొద్దులు ఉంచి ఊడపీకిండ్రో," అని తనలో తాను అనుకున్నాడు. ఎదురుపడిన వాళ్లెవరో గైడ్ అనుకుని వాడి వెంట నడిచారు. వాడు వాళ్లకు కమాను గురించి చాలాసేపు చెప్పాడు. రాజు పేరు మాత్రం చెప్పలేదు.

పైన ఒక పాత ఫిరంగి ఉంది. దాని మీద కుర్రవాళ్లు ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. అంత ఇనుము ఎవరూ తూకానికి వేసుకోకుండా ఇన్నాళ్లు ఉండడమే నాకు వింతగా అనిపించింది. అక్కడి నుంచి చూస్తే ఊరంతా కనబడుతుంది. చర్చి గోపురం, చెరువులు, కోతకు రాని వరి. గాలి బాగుంది. నేను మెచ్చుకున్నాను. కానీ గుట్ట వాలంతా తంగేడు పూసి ఉంది. అది చూసేసరికి కోట మీది నుంచి నా మనసు జారి ఆ పొదల్లో పడింది.

మా సిద్దిపేట చుట్టూ ఇదివరకు ఎటు నడిచినా తంగేడే. ఇప్పుడు గట్లన్నీ ప్లాట్లయ్యాయి, రంగు రాళ్లు పాతారు. పండుగకు పూలు కావాలంటే ఆటో కట్టుకుని పోవాలి, లేదా బజారులో కొనాలి. తంగేడు కొనడమంటే నా ప్రాణానికి ఎండ కొన్నట్టే ఉంటుంది. ఇక్కడేమో ఎవరూ అడగని పువ్వు, చెయ్యి చాస్తే అందే పువ్వు, గుట్టంతా ఉంది. వియ్యపురాలు కొంగు దోపుకుని తెంపుతోంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"పైన మొగ్గలు తెంపకు. విచ్చినయి తెంపు," అన్నాను, ఉండబట్టలేక.

"అలిగిన ఇంటోళ్లు మాట్లాడద్దు," అన్నది ఆమె.

పట్నం నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల నా దగ్గరికి వచ్చి, జడలో నుంచి బంతిపూల దండ తీసి, "అమ్మమ్మా, ఇది కొంచెం పట్టుకుంటారా? ఫొటో దిగి వస్తాను," అంది. నేను పట్టుకోనన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"అలిగారా అమ్మమ్మా?"

"నేను కాదు, బతుకమ్మ," అన్నాను.

ఆ పిల్ల వెళ్లి వాళ్ల వాళ్లతో ఏదో చెప్పింది. తరువాత వాళ్లంతా నన్ను కొంచెం దూరం నుంచే చూశారు.

దర్వాజా నీడలో రొట్టెలు తిన్నాం. కొడుకు కిందికి దిగి మేస్త్రీని కలిసి వచ్చాడు. ఎండ దిగుతుండగా తిరుగు దారి పట్టాం.

పూల చేను రోడ్డు పక్కనే ఉంది. ఇటు పసుపు బంతి, అటు నారింజ బంతి, వెనక చామంతి. చేను ముందర రంగు గుడ్డలు కట్టిన ఉయ్యాల, ఒక బోర్డు. లోపలికి పోయి ఫొటో దిగితే పైసలు ఇవ్వాలట. పువ్వు తెంపితే వేరే పైసలట. చూసినందుకు పైసలు తీసుకోవడం నేను సినిమా హాలు దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. మనవరాలు నాన్నను పట్టుకుని లోపలికి వెళ్లింది. మేము ముగ్గురం బయట గట్టు మీద కూర్చున్నాం. గట్టుకు బోర్డు లేదు.

కూర్చున్నాక చూస్తే, గట్టు పొడుగునా గునుగు. తెల్లగా, కొస మీద గులాబీ రంగు, మోకాలెత్తు. గునుగు లేకుండా బతుకమ్మ లేదు. ఎత్తు రావాలంటే గునుగే. బజారులో పిడికెడు కట్ట కట్టి అమ్ముతారు, లోపల సగం ఆకే ఉంటుంది. ఇక్కడ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎవరూ పట్టించుకోని గునుగు.

చేను ఆసామి భార్య చేతిలో గంపతో వచ్చింది. మేము గునుగు వైపు చూడడం చూసింది.

"గునుగు కావాల్నా అవ్వా? ఎంతన్న పీక్కపోండ్రి. మాకు కలుపే. మీరు పీకితే మాకు ఒక కూలి తప్పుతది."

వియ్యపురాలు అప్పటికే లేచింది. సంచి విప్పి గుప్పిళ్లకు గుప్పిళ్లు తెంపడం మొదలుపెట్టింది. నేను కదల్లేదు. ఊరికే దొరికేది, పైగా తీసుకుంటే ఇచ్చేవాళ్లే సంతోషించేది, అలాంటి వస్తువును నేను నా జన్మలో వదిలిపెట్టలేదు. నా పిడికిళ్లు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

"గీ అవ్వ ఎందుకు తెంపుతలేదు? మోకాళ్లు నొస్తున్నయా?" అని అడిగింది ఆసామి భార్య.

"మోకాళ్లు మంచిగనే ఉన్నయి," అన్నది వియ్యపురాలు వంగిన చోటు నుంచే. "పంచాంగం నొస్తున్నది."

సంచి నిండాక ఆమె ఇంకో పని పెట్టుకుంది. తన లెక్కన ఇవాళ ఆట ఉంది, ఊళ్లో లేకపోయినా ఆట తప్పకూడదు. గుమ్మడి ఆకు ఉందా అని అడిగితే ఆసామి భార్య పాదు మీది నుంచి కోసి తెచ్చింది. ఆ ఆకులో తంగేడు, గునుగు పెట్టి, రాలిన బంతిపూలు రెండు అడిగి తీసుకుని, జానెడు బతుకమ్మ పేర్చింది. నేను అటు వీపు చేసి కూర్చున్నాను. తిరిగి చూడకపోయినా తెలుస్తోంది, వరస వంకర పోతోందని. ఆమె పేర్చేటప్పుడు ఎప్పుడూ ఎడమ వైపు తగ్గుతుంది.

"ఎడమ పక్కకు ఇంకింత పెట్టు," అన్నాను చేను వైపు చూస్తూనే.

ఆసామి భార్య చేతులు కడుక్కుని వచ్చింది. ఫొటోలకు వచ్చిన ఆడవాళ్లు నలుగురు వచ్చారు. మనవరాలు ఉయ్యాల దిగి పరుగెత్తుకొచ్చింది. అందరూ చుట్టూ నిలబడ్డారు.

"రా బిడ్డా," అని వియ్యపురాలు కూతుర్ని పిలిచింది.

కోడలు నా పక్కనే ఉంది. లేవలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, కోపమూ లేదు. అదే నాకు కష్టమైంది. వాళ్లు ఆమె లేకుండానే మొదలుపెట్టారు. చప్పట్లు పడుతున్నాయి. ఒక చుట్టు, ఇంకో చుట్టు. కోడలి బొటనవేలు నేల మీద తాళం వేస్తోంది. ఆమెకు తెలియకుండానే వేస్తోంది.

నాకు అప్పుడు ఒక దారి కనబడింది. వియ్యపురాలి లెక్కే నిజమని నేను ఒక్క మాట అంటే చాలు. అలక నిన్ననే అయిపోతుంది. కోడలు లేచి ఆడుతుంది. నేను ఈ గట్టంతా తెంపుకుంటాను. డిక్కీలో జాగ ఉంది. మా వాడకట్టుకు ఏం చెప్పాలో ఇంటికి పోయాక ఆలోచించుకోవచ్చు, మా పంతులు ఎట్లాగూ ఫోనులో చూసే చెబుతాడు. ఓడిపోయినట్టు అవుతుంది, నిజమే. కానీ రెండు సంచుల గునుగుతో ఓడిపోతాను.

ఆట ఆగి వియ్యపురాలు చెమట తుడుచుకుంటుండగా గొంతు సవరించుకున్నాను.

"వదినె, ఒక మాట. అమావాస్య సంగతి మల్ల ఆలోచించిన. ముందు రోజు మధ్యాహ్నమే వచ్చింది గద. మీ పంతులు చెప్పిందే..."

"లేదు అత్తమ్మా. మీదే కరెక్టు," అన్నది కోడలు.

నేను ఆమె వైపు తిరిగాను. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నా మాటకు అడ్డం రావడం అదే మొదలు. అది కూడా నన్ను గెలిపించడానికి.

"ఏం కరెక్టు?"

"అలక ఇయ్యాలనే. అమావాస్య తెల్లారి గూడ ఉండె. మన వాడకట్టంత అట్లనే షురూ చేసిన్రు."

"ఏందే," అన్నది వియ్యపురాలు, "కన్నతల్లి కంటె నీకు పంతులు ఎక్కువయిండా? ఆమెనే ఒప్పుకుంటున్నది, నడుమ నీకేం నొప్పి?"

కోడలు కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. తరువాత నేల వైపు చూస్తూ చెప్పింది. అంత పొడుగు మాట ఆమె నోట నేను వినడం కూడా అదే మొదలు.

"అత్తమ్మా, మీ లెక్క మీది, అమ్మ లెక్క అమ్మది అయితె ఆడ సద్దులు ఒకనాడు, మనకు తెల్లారి. నేను ఆడ ఆడి, పొద్దుగాల ఫస్టు బస్సెక్కి వస్త. మీరు పేర్చుడు షురూ చేసేసరికి మీ ముందర ఉంట. మన బతుకమ్మ నేనే ఎత్తుకుంట. మీరు ఇప్పుడు అమ్మది కరెక్టు అంటె రెండూ ఒక్కనాడే పడ్తయి."

 పొద్దున్నుంచి మేమిద్దరం ఆ తేదీ పట్టుకుని కొట్టుకుంటుంటే, ఈమె పక్కన కూర్చుని, ఎవరూ ఓడకుండా ఉంటే చాలునని చూస్తోంది. ఇప్పుడు గుర్తుకొస్తోంది, కారులో మేము చల్లబడినప్పుడల్లా "మన పంతులు ఏమన్నడు అత్తమ్మా?" అని అడిగింది ఈమే.

వియ్యపురాలు వేళ్ల గీతల మీద లెక్క పెట్టుకుంది. ఒకసారి తప్పు పోయి మళ్లీ పెట్టుకుంది. ఆ తరువాత ఆమె ముఖం మారిపోయింది.

"నిజమే వదినె. ఇయ్యాలనే అలిగింది."

"ఇప్పటిదాంక నిన్న అన్నవు."

"మాకు నిన్న, మీకు ఇయ్యాల. మా ఊర్ల అలిగి, తీరినంక గజ్వేల్ల బస్సెక్కి మీ ఊర్ల దిగి, మల్ల అలిగింది. ఆమె ఇష్టం. మనం ఎవరం అడగనీకి?"

"మీ పంతులుకు కండ్లు కనవడయని ఒప్పుకుంటవా?"

"అది ఒప్పుకోను. మీ పంతులు ఫోను మంచిదని ఒప్పుకుంట."

వియ్యపురాలు, కోడలు, చివరికి ఏమీ తెలియకుండా వచ్చి నిలబడ్డ నా కొడుకు, అందరూ నా లెక్కే నిజమంటున్నారు. ఇంతమంది ఒక్కసారి నా మాట ఒప్పుకోవడం నాకు గుర్తు లేదు. గెలిచిన సంతోషం మాత్రం రాలేదు. నా ముందర అంత గునుగు ఉంది. నా మాట మీద నేను నిలబడితే అది నాది కాదు. నిలబడకపోతే కోడలి ప్రయాణం ఉండదు. ఆమె ఇంకా కొంగు చుట్టుకుంటూనే ఉంది. మంచం మీది చీరలు నాలుగూ నాకు యాదికి వచ్చాయి.

"అలక ఇయ్యాలనే," అన్నాను. "నేను మొదటికెల్లి అదే చెప్తున్న. ఎవరు ఇంటరు?"

కోడలు నవ్వలేదు. కానీ వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

"ఫస్టు బస్సు," అన్నాను.

"ఫస్టు బస్సే అత్తమ్మా."

"రాత్రంత ఆడి నిద్రపోయి, లేవలేదు అంటె ఊకోను."

"నేను లేపుతగ," అన్నది వియ్యపురాలు.

"నువ్వే లేవవు. ఇంకోటి. మీ ఊర్ల బతుకమ్మ ఎత్తు పేర్చి ఆమె నెత్తిన పెట్టకు. మెడ పడ్తది. తెల్లారి నాది మొయ్యాలె."

"మోకాలెత్తు పేరుస్త."

"జానెడు చాలు. నీకు ఎడమ పక్క ఎట్లాగు కుదరదు."

కారెక్కేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. డిక్కీలో కొడుకు మేస్త్రీ దగ్గరి నుంచి తెచ్చిన ఇనుప క్లాంపులు వేశాడు. పూల సంచి అక్కడ పెడితే నలుగుతుందని వియ్యపురాలు వెనక సీటు కింద, నా కాళ్ల దగ్గర పెట్టింది. సంచి మూతి నుంచి గునుగు బయటికి వచ్చి ఊగుతోంది. పువ్వుకు కాలు తగలకూడదు, అలక నాడు చెయ్యీ తగలకూడదు. నేను కాళ్లు రెండూ సీటు మీదికి మడుచుకుని కూర్చున్నాను. రామాయంపేటలో ఒక కాలు తిమ్మిరెక్కింది. ఆ తరువాత రెండోది.

"సగం నీకు ఇస్త వదినె," అన్నది వియ్యపురాలు, నా కాళ్ల అవస్థ చూసి. "ఇంత గునుగు నాకెందుకు?"

"అలక నాడు తెంపిన పువ్వు మా ఇంటికి రాదు."

"తెంపింది నేను గద. నాకు అలక లేదు."

"తెంపినది మా అలక నాడే గద."

"అయితె నేను మా లెక్కల తెంపి, మీ లెక్కల ఇస్తున్న అనుకో."

 నేను నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకున్నాను. సిద్దిపేట వచ్చే దాకా మూసుకునే ఉన్నాను. ఇంటి ముందు కారు ఆగాక కాళ్లు కిందికి దిగలేదు. కొడుకు ఒక పక్క, వియ్యపురాలు ఒక పక్క పట్టుకుని దించారు. మా ఆయన వాకిట్లో నిలబడి, "ఖిల్లా అంత ఎత్తున్నదా?" అని అడిగాడు.

తెల్లవారి వియ్యపురాలు, కోడలు, మనవరాలు గజ్వేల్ బస్సెక్కారు. పండుగ రద్దీ, సీట్లు లేవు. కోడలు బ్యాగు పట్టుకుని నిలబడింది, వియ్యపురాలు, నేను సగం తీసుకోనన్న ఆ పూల సంచి మీదే కూర్చోబోతే మనవరాలు ఆపింది. నేను బస్టాండ్ దాకా వెళ్లాను, వాళ్లను సాగనంపడానికి కాదు, పూల కోసం చింతమడక పోయే ఆటోలు అక్కడే దొరుకుతాయని. మా ఆయన్ను కూడా వెంట తీసుకెళ్లాను. ఆటోకు కిరాయి ఇచ్చాను. రోడ్డు దగ్గరి గట్లన్నీ మాకంటే ముందే ఎవరో తెంపేశారు. పత్తి చేన్ల వెనక దాకా నడిస్తే కొంచెం గునుగు దొరికింది. మా ఆయన తెంపాడు, నేను కట్టలు కట్టాను.